తుప్పు పట్టేది బీరువాలోనే

(శ్రీకాకుళంలో ఆయుధ లైసెన్సుదారులు, మాజీ సైనికుల సమావేశంలో ఒక విశ్రాంత ఆర్మరర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకు, సోదరులకు, వెనక వరసలో కూర్చున్న నా పాత యూనిట్ మిత్రులకు నమస్కారం.

ఈ హాల్లోకి ఎవరూ ఆయుధం తీసుకురావద్దని నిర్వాహకులతో ముందే చెప్పించాను. కొందరికి అది నచ్చలేదని తెలుసు. "కొత్త పిస్తోలు కొన్నాను సుబేదారు గారూ, మీకు చూపిద్దామనుకున్నాను" అని గుమ్మం దగ్గరే ఒకాయన అన్నారు. వద్దు బాబూ. ఇంతమంది ఉన్న గదిలో ఎవరో ఒకరు ఖాళీదే కదా అంటూ పైకెత్తి చూపిస్తారు, పక్కాయన ట్రిగ్గర్ మీద వేలు పెడతారు. నా బల్ల మీద ఉన్నది ప్లాస్టిక్ నమూనా. ఈ రోజుకు ఇది చాలు.

నా ఉద్యోగం అంతా ఆయుధాల మరమ్మతులోనే గడిచింది. సైన్యంలో నా బల్ల మీదకు వచ్చినవి వాడి వాడి అరిగినవి. స్ప్రింగు బలం తగ్గినవి, బ్యారెల్ అంటే గొట్టం, దాని లోపలి గాడులు నునుపు తేలినవి. పదవీ విరమణ చేసి జిల్లాకు వచ్చాక తెలిసినవాళ్ళు నన్ను పిలిచి చూపించినవి మాత్రం వేరే రకం. వాటిలో కాల్చి అరిగినది దాదాపు లేదు. అన్నీ దాచిపెట్టి పాడుచేసినవే. తోలు సంచిలో పెట్టి మరిచిపోయినవి, కొబ్బరినూనెలో నానబెట్టినవి, మఖమల్ గుడ్డలో చుట్టి లాకరులో పెట్టినవి. నిర్లక్ష్యం కంటే అతిప్రేమ వల్లే ఎక్కువ పాడయ్యాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మన జిల్లాలో పిస్తోలుకు కాల్పుల వల్ల వచ్చే అరుగుదల కంటే ఊరికే పడి ఉండటం వల్ల వచ్చే నష్టం ఎక్కువ. సంరక్షణ కూడా ఆ లెక్కలోనే ఉండాలి.

కారణం మన గాలి. ఉక్కు చుట్టూ ఉన్న గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే తుప్పు వేగం పుంజుకుంటుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ దానికి పైనే ఉంటుంది. దానికి తోడు సముద్రపు ఉప్పు. ఉప్పు తనంతట తానే తేమను లాక్కుంటుంది, పైగా దానిలోని క్లోరైడు లోహం మీది రక్షణ పొరను చిల్లులు పొడుస్తుంది. సముద్రానికి దూరంగా ఆమదాలవలసలోనో పాలకొండలోనో ఉన్నామని ధీమా పడకండి. మన చేతి చెమటలోనూ ఉన్నది ఉప్పే. మే నెలలో పిస్తోలు చేతికి తీసుకుని, నలుగురికీ చూపించి, తుడవకుండా లోపల పెడితే కొన్ని వారాలకు వేలిముద్రల ఆకారంలోనే తుప్పు తేలుతుంది. ఎవరు పట్టుకున్నారో పోలీసులు రాకుండానే తెలిసిపోతుంది.

"నల్లగా పూత వేశారు కదా" అంటారు. ఆ నలుపు పెయింటు కాదు. ఉక్కు పైపొరనే రసాయనాలతో నల్లటి ఆక్సైడుగా మారుస్తారు. దాన్నే బ్లూయింగ్ అంటారు. ఆ పొర చాలా పలచన, మైక్రాన్ల లెక్క. అందులో సన్నని రంధ్రాలుంటాయి. అది తనంతట తాను తుప్పును ఆపదు, నూనెను పట్టి ఉంచుతుంది. అసలు కాపలా కాసేది ఆ నూనె పొర. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే బాధ లేదనుకునేవాళ్ళకు కూడా చెబుతున్నాను, అది ఆలస్యంగా తుప్పు పడుతుంది, అంతే.

మన దేశంలో సాధారణ లైసెన్సుదారుకు దొరికేది ఎక్కువగా పాయింట్ 32 బోరు. బోరు అంటే గొట్టం లోపలి కొలత. 9×19 మిల్లీమీటర్ల తూటా నిషిద్ధ బోరు కిందకు వస్తుంది. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే అశని పిస్తోలు, కాన్పూరు రివాల్వరు మీలో చాలామంది దగ్గర ఉన్నవే. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక ఈ చిన్న ఆయుధాలు కాన్పూరు కేంద్రంగా ఉన్న కంపెనీ కిందకు వెళ్ళాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. పిస్తోలుదీ, రివాల్వరుదీ పేరు పాయింట్ 32 అయినంత మాత్రాన తూటా ఒకటి కాదు. మిల్లీమీటర్లలో పిస్తోలుది 7.65×17, రివాల్వరుది 7.65×23, రెండో అంకె తొడుగు పొడవు. ఇంట్లో రెండూ ఉన్నవాళ్ళు డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

ఇక కొత్తది ఇంటికి వచ్చిన రోజు. మొదట లైసెన్సు మీద ఎక్కించిన నంబరు, పిస్తోలు మీద ఉన్న నంబరు ఒకటేనా చూసుకోండి. తర్వాత కంపెనీ ఇచ్చిన పుస్తకం చదవండి. పిస్తోలు విప్పే పద్ధతి ఒక్కో నమూనాకు ఒక్కో తీరుగా ఉంటుంది, దాన్ని నా నోటి వెంట వినడం కంటే ఆ పుస్తకంలోని బొమ్మల్లో చూడటం మేలు. మొదటిసారి విప్పడం డీలరు దగ్గరే, ఆయన చూస్తుండగా చేయండి.

విప్పే ముందు చేయాల్సింది మాత్రం ఏ నమూనాకైనా ఒకటే, అది నేనే చెబుతాను. గొట్టం మనుషులు లేని వైపు ఉండాలి. వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి. ముందు మ్యాగజైన్, అంటే తూటాలు నింపే పెట్టె, తీయాలి. ఆ తర్వాతే స్లైడు, అంటే పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జారే భాగం, వెనక్కి లాగాలి. ఈ వరస తారుమారైతే ఏమవుతుంది? మ్యాగజైన్ లోపలే ఉంచి స్లైడు లాగితే, గొట్టం వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లో ఉన్న తూటా బయటికి ఎగిరిపడుతుంది. హమ్మయ్య ఖాళీ అయింది అనుకుంటారు. స్లైడు ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను ఛాంబర్‌లోకి తోస్తుంది. ఆపైన మ్యాగజైన్ తీసి, ఖాళీ పిస్తోలే అనుకుని ట్రిగ్గర్ నొక్కుతారు. శుభ్రం చేస్తుండగా పేలిందని పత్రికల్లో చదివే వార్తల్లో చాలావాటి వెనక ఈ వరస తప్పే ఉంటుంది. స్లైడు వెనక్కి ఆపి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. చీకట్లో వేలు కంటి కంటే నమ్మకస్తురాలు. శుభ్రం చేసే గదిలో తూటాలు అసలు ఉండకూడదు, డబ్బా పక్క గదిలో తాళంలో ఉండాలి.

కొత్త పిస్తోలుకు కర్మాగారంలో చిక్కటి నూనో గ్రీజో పూసి పంపుతారు. అది గోదాములో నెలల తరబడి ఉండటానికి పూసింది, కాల్చడానికి కాదు. దానిమీదే కాలిస్తే మసి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. ముఖ్యంగా బ్యారెల్ లోపలా, ఛాంబర్‌లోనూ ఉన్నదాన్ని పొడి గుడ్డతో పూర్తిగా తీయాలి. వెలుతురుకు పెట్టి వెనక వైపు నుంచి చూడండి. ప్యాకింగు గుడ్డముక్క, కాగితం ముక్క ఏదైనా ఇరుక్కుని ఉంటే బయటపడుతుంది. అడ్డం ఉన్న బ్యారెల్‌లో కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, చీలినా ఆశ్చర్యం లేదు.

శుభ్రం చేసే సామాను పెద్దగా ఏమీ అక్కరలేదు. రాడ్డు, బోరుకు సరిపడే కంచు తీగల బ్రష్షు, ఫ్లానెల్ గుడ్డముక్కలు, పళ్ళు తోముకునే పాత బ్రష్షు. సైన్యం వాళ్ళకు నాలుగు అంగుళాలు ఇంటూ రెండు అంగుళాల గుడ్డముక్క, దాన్ని గొట్టంలోంచి లాగే పుల్‌త్రూ తాడు ఎప్పటికీ మరిచిపోయేవి కావు. కొత్తవాళ్ళు చేసే పని, ఇనుప తీగల బ్రష్షు కొనడం. దాన్ని బ్యారెల్ దరిదాపులకు రానివ్వకండి. రాడ్డు వెనక వైపు నుంచి దూర్చి ముందు వైపు బయటికి తీయాలి. గొట్టం మూతి అంచు ఎంత సమంగా ఉంటే గుండు అంత సూటిగా వెళ్తుంది, రాడ్డు రాసుకుని ఆ అంచు అరిగితే గురి తప్పుతుంది. రివాల్వరుకు వెనక నుంచి దారి ఉండదు కాబట్టి మూతి వైపు నుంచే శుభ్రం చేయాలి, అప్పుడు రాడ్డు అంచుకు తగలకుండా ఓపికగా నడపండి.

పూర్వం బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పోసేవారని పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. అందులో శాస్త్రం ఉంది. తూటా అడుగున, దెబ్బ తగలగానే అంటుకునే చిన్న మూతను ప్రైమర్ అంటారు. పాతకాలపు ప్రైమర్లలో పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడు, మన ఉప్పుకు చుట్టమే. నూనెలో ఉప్పు కరగదు, నీళ్ళలో కరుగుతుంది. అందుకే ముందు వేణ్ణీళ్ళు, తర్వాత నూనె. అంతకు ముందు కాలం నల్ల తుపాకి మందుది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదకు ఫ్రెంచి సేనాని బుస్సీ దండు తెచ్చిన తుపాకుల్లో వాడింది ఆ మందే. దాని మసి తేమను పీల్చి ఒక్క రాత్రిలో ఇనుమును కొరికేది. పొగరాని మందు వచ్చింది 1880లలో. ఇప్పటి తూటాల మసి అంత చెడ్డది కాదు. అలాగని కాల్చిన పిస్తోలును వారం తర్వాత చూద్దాంలే అంటే, మన తేమలో ఆ మసి కింద మచ్చ పడుతుంది. కాల్చిన రోజే తుడవండి.

ఇప్పుడు నూనె సంగతి. దీనికే ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే ఎక్కువ తగాదా ఇక్కడే.

నూనెకు రెండు పనులున్నాయి. లోహం మీద లోహం జారేలా చేయడం ఒకటి, తేమను దగ్గరికి రానివ్వకపోవడం ఇంకొకటి. ఈ రెండు పనులకూ కావలసిన మోతాదు చాలా తక్కువ. స్లైడు జారే పట్టాల మీద రెండు వైపులా చుక్క చొప్పున. బ్యారెల్ పైభాగం స్లైడుకు రాసుకునే చోట వేలితో పూసినంత. ఎక్కడ రాసుకుంటుందో తెలియకపోతే కొన్నాళ్ళు వాడాక చూడండి, పూత మెరుగెక్కి తెల్లబడిన చోటల్లా నూనె అడుగుతోందని అర్థం. బయటి భాగాలకు నూనె తడిపిన గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. తుడిచాక చేతికి జిడ్డు తగలాలి, కారకూడదు.

నూనె వెళ్ళకూడని చోట్లు ఇంకా ముఖ్యం. ఫైరింగ్ పిన్ ఉండే సన్నని సొరంగంలో నూనె నిలిస్తే, దుమ్ము చేరి జిగురుగా మారుతుంది. పిన్ను మందకొడిగా కదిలి ప్రైమర్‌ను గట్టిగా కొట్టలేదు. అవసరం పడిన వేళ టక్కుమని శబ్దం వస్తుంది, తూటా పేలదు. మ్యాగజైన్ లోపల నూనె పోస్తే అది తూటాల మీదికి పాకి ప్రైమర్‌లోకి ఇంకుతుంది, ఫలితం అదే. ఛాంబర్‌లో నూనె ఉంటే తూటా ఇత్తడి తొడుగు గోడను పట్టుకోలేక వెనక్కి జారి స్లైడును మామూలు కంటే గట్టిగా తంతుంది. పాయింట్ 32 పిస్తోళ్ళు చాలావరకు స్లైడు బరువు, స్ప్రింగు బలం మీదే ఆధారపడి పనిచేసేవి కాబట్టి వాటికి ఇది మంచిది కాదు. దాచేటప్పుడు బ్యారెల్ లోపల పలుచని నూనె పొర ఉండాలి, కాల్చబోయే ముందు దాన్ని పొడి గుడ్డతో తీసేయాలి. ఈ రెండో సగం చాలామంది మరిచిపోతారు.

ఏ నూనె? గన్ ఆయిల్ అని అమ్మేది కొనండి. చిన్న సీసా ఏళ్ళ తరబడి వస్తుంది. పిస్తోలుకు అంత ఖర్చు పెట్టి నూనె దగ్గర పిసినారితనం ఎందుకో నాకు అర్థం కాదు. ఉద్దానం నుంచి వచ్చిన సోదరులు మన కొబ్బరినూనె ఉండగా వేరేది ఎందుకంటారు. జుట్టుకు మంచిదే. తిండి నూనెలన్నీ గాలి తగిలి కొంతకాలానికి జిగురుగా మారతాయి. కొబ్బరినూనె అయితే సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పుష్యమాసంలో తెల్లవారుజామున స్లైడు కదలనని మొరాయిస్తుంది. మోటారుసైకిల్ లోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ వద్దే వద్దు, అందులో ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి. కుట్టు మిషను నూనె జారుడుకు పనికొస్తుంది, తుప్పును మాత్రం ఎక్కువ రోజులు ఆపలేదు. డబ్ల్యూడీ-40 తేమను వెళ్ళగొట్టడానికి పుట్టింది, ఆ పని చక్కగా చేస్తుంది. తడిసిన ఆయుధం మీద కొట్టండి, తుడవండి, ఆపైన అసలు నూనె పూయండి. దాన్నే నూనె అనుకుని వదిలేస్తే అది మిగిల్చే పొర చాలా పలచన.

పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ప్రైమర్‌లో, గుండులో సీసం ఉంటుంది. భోజనాల బల్ల మీద పిస్తోలు విప్పకండి, ఆ గుడ్డలు పిల్లలకు దొరికే చోట పడేయకండి.

దాచడం గురించి. తోలు హోల్‌స్టర్ మోయడానికి మాత్రమే. తోలును పదును చేయడానికి వాడిన లవణాలు, ఆమ్లాలు అందులోనే ఉంటాయి, తేమనూ అదే పీలుస్తుంది. అందులో పెట్టి వానాకాలం దాటిస్తే ఒకవైపు బ్లూయింగ్ మొత్తం పోవచ్చు. తూటాలను తోలు బెల్టులో ఉంచితే ఇత్తడి మీద పచ్చని చిలుము తేలుతుంది. కొన్నప్పుడు వచ్చిన నురుగు పరుపు పెట్టె కూడా అంతే, స్పాంజి తేమను వదలదు. మామూలు ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే లోపలి తేమ లోపలే ఉడుకుతుంది. మఖమల్ గుడ్డ సంగతి ఇందాకే చెప్పాను.

ఉక్కు లాకరు, లోపల నూనె రాసిన పిస్తోలు దేనికీ ఆనకుండా, పక్కన సిలికా జెల్. లాకరు తడి దిగే గోడకు ఆనించకండి. సిలికా జెల్ ఒకసారి పెట్టి మరిచిపోయేది కాదు. పలాస జీడిపప్పు వ్యాపారులకు నేను చెప్పేదేముంది, సంచి మూతి తెరిచి ఉంచిన పప్పు ఎన్నాళ్ళు కరకరలాడుతుందో ఈ గుళికలూ అన్నాళ్ళే పనిచేస్తాయి. నారింజ రంగువి ఆకుపచ్చగా మారితే నిండిపోయాయని గుర్తు. సుమారు 120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. నీలం రంగువి గులాబీ రంగుకు మారతాయి, వాటిలో కోబాల్టు క్లోరైడు ఉంటుంది, ఇంట్లో పిల్లలున్నవాళ్ళు నారింజవే కొనండి. లాకరులో చిన్న హీటరు పెట్టుకున్నవాళ్ళు దానినే నమ్ముకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటి పైకప్పులు లేచిపోయిన రోజుల్లో పిస్తోలు ఎవరికి గుర్తుంటుంది? గుళికలు మాత్రం చీకట్లోనూ పనిచేస్తాయి.

తూటాలు వేరే తాళంలో ఉండాలి. హ్యామర్, అంటే పిన్నును కొట్టే సుత్తి, దించి ఉండాలి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. దిండు కింద, కారు డ్యాష్‌బోర్డులో, దేవుడి గదిలో పెట్టడం నేను విన్నాను, ఒక్కటీ ఒప్పుకోను. లైసెన్సు తీసుకునేటప్పుడు భద్రంగా దాస్తామని సంతకం పెట్టి ఉన్నాం. ఆయుధం అబ్బాయి చేతికో డ్రైవరు చేతికో ఇచ్చి పంపడానికి కూడా వీల్లేదు.

దేవుడి గది అన్నాను కాబట్టి ఆయుధపూజ గురించి చెప్పాలి. దసరా వచ్చేది వానలు వెనక్కి తగ్గే వేళ, గాలిలో ఇంకా తేమ ఉంటుంది. పసుపు, కుంకుమ పొడులు తేమను పట్టి ఉంచుతాయి. స్లైడు మీద తడి బొట్టు పెట్టి, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళి, తిరిగొచ్చి తీరిగ్గా తుడుద్దాం అనుకుంటే బొట్టు ఉన్నచోటే గుండ్రటి తుప్పు. భక్తికి నేను అడ్డం రాను. పెట్టెకు బొట్టు పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోదు. ఇక ఆ ఉత్సాహంలోనో పెళ్ళి ఊరేగింపులోనో గాలిలోకి కాల్చే సరదా ఉన్నవాళ్ళు, 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయని తెలుసుకోండి.

నెలకోసారి తీసి చూడండి, వానాకాలంలో రెండు వారాలకోసారి. తుడవడానికి పది నిమిషాలు పడుతుంది. ఏసీ గదిలోంచి తీసి బయటికి తెస్తే చల్లని లోహం మీద ఆవిరి నీళ్ళు చేరతాయి, గది వేడికి వచ్చేదాకా ఆగి తుడిచి లోపల పెట్టండి. చిన్న ఎర్రమచ్చ కనిపిస్తే నూనె వేసి కొంతసేపు ఉంచి గుడ్డతో రుద్దండి. గరుకు కాగితం వద్దు, తుప్పుతో పాటు పూత కూడా పోతుంది. అంతకు మించిన పని అయితే లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికే. లేతు మిషను ఉన్న స్నేహితుడి దగ్గరికి కాదు, అతనూ మీరూ ఇద్దరూ కేసులో ఇరుక్కుంటారు.

ఎన్నికల సమయంలో పోలీసు స్టేషనులో జమ చేయాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలని ఇందాక చీటీ వచ్చింది. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, మన పోలింగు మే 13న, లెక్కింపు జూన్ 4న. అంటే ఉక్క ఎక్కువగా ఉండే కాలమంతా మీ పిస్తోలు మీ చేతిలో ఉండదు. ఇచ్చే ముందు శుభ్రం చేసి, మామూలు కంటే కాస్త చిక్కగా నూనె రాసి, తుప్పును ఆపే వీసీఐ కాగితంలో చుట్టి ఇవ్వండి. హోల్‌స్టర్‌తో ఇవ్వకండి. రసీదు మీద నంబరు సరిచూసుకోండి. తిరిగి తెచ్చిన రోజే విప్పి తుడవండి, బ్యారెల్‌లోకి తప్పకుండా చూడండి.

ఇంకో ప్రశ్న, తూటాలు ఎన్నేళ్ళు ఉంటాయి? పొడిగా, వేడి తగలకుండా ఉంచితే దశాబ్దాలు. చిలుము పట్టినవి, తొడుగు మీద చీలిక కనిపించేవి, నూనెలో తడిసినవి కాల్చకండి. నాగావళిలో పారేయడం పరిష్కారం కాదు, ప్రతి తూటాకూ లైసెన్సులో లెక్క ఉంది. డీలరుకు గానీ స్టేషనులో గానీ అప్పగించి రాయించుకోండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే? గొట్టం అలాగే గురి వైపు ఉంచి అర నిమిషం ఆగండి, కొన్ని ఆలస్యంగా పేలతాయి. తర్వాత మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి ఆ తూటాను వేరుగా పెట్టండి. దానికంటే ప్రమాదం ఇంకొకటి, మామూలు శబ్దానికి బదులు మెత్తగా తుస్సుమనడం. అప్పుడు గుండు బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుని ఉండవచ్చు. రెండోసారి నొక్కకండి. ఖాళీ చేసి, బ్యారెల్ చూసి, గుండు ఉంటే అలాగే డీలరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంట్లో ఇనుప చువ్వతో పొడిచి తీయకండి.